బొంబాయి రోడ్డు మీద రేసు క్యామ్

1953 అక్టోబరు 1న మా నెల్లూరు జిల్లా ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది గానీ, మోటారు బండ్ల సంగతికొస్తే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మద్రాసే మాకు రాజధాని. కొత్త సామాను కావాలంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాతది కావాలంటే పుదుపేట. ఆత్మకూరులో షెడ్డు పెట్టకముందు నేను పని నేర్చుకుందీ అక్కడే. రేసు క్యాముల పిచ్చి కూడా ఆ రాకపోకల్లోనే మా ఊరికి బస్సెక్కి వచ్చింది.

నెల్లూరు నుంచి మద్రాసు పోయే కలకత్తా రోడ్డులో, రెడ్‌హిల్స్‌కు ముందు షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఉందక్కడ. 1953లోనే పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాని మీద రేసులు నడిపేది. విదేశీ బండ్లు వచ్చినా, మనం రోజూ చూసే ఫియట్లూ హెరాల్డులూ కూడా అక్కడ పరిగెత్తేవి. జనానికి ఆశ పుట్టింది వీటిని చూసే. పైకి చూస్తే మన బండే, లోపల ఏం పెట్టారో గానీ అట్టా పోతా ఉందే అని.

లోపల పెట్టినవాటిలో ముఖ్యమైంది క్యామ్ షాఫ్ట్. పొడుగాటి ఇనప కడ్డీ, దాని మీద కోడిగుడ్డు కొసల్లాంటి మిట్టలు. మిట్ట తిరిగొచ్చి ట్యాపెట్‌ను లేపితే అది పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను తోసి వాల్వు తెరుస్తుంది. రేసు క్యామ్‌లో ఆ మిట్ట బలుపు. వాల్వు ముందే తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటుంది. పెట్రోలు వచ్చే వాల్వూ పొగ పోయే వాల్వూ రెండూ తెరిచి ఉండే సేపు పెరుగుతుంది. ఇంజను నాలుగైదు వేల చుట్లు తిరిగేటప్పుడు ఆ ఊపుకు గాలి తోసుకొచ్చి సిలిండరు నిండా దిగుతుంది, బండి ఎగిరిపోతుంది. చుట్లు తగ్గితే ఊపుండదు. లోపలికొచ్చింది కొంత వెనక్కి తంతుంది, కొంత కాలకుండానే సైలెన్సర్లోకి జారిపోతుంది. నిలబెట్టిన బండి దడదడలాడుతుంది.

షోలవరం రన్‌వే చదును. మాది బొంబాయి రోడ్డు. ఆత్మకూరు నుంచి మర్రిపాడు మీదుగా బద్వేలు పోవాలంటే వెలిగొండలు ఎక్కి దిగాలి. ఉదయగిరి వైపు పోయినా ఎదురయ్యేది ఆ కొండలే. అంబాసిడర్లో ఇరుక్కుని కూర్చున్న పెళ్లివాళ్లు, డిక్కీలో వంటపాత్రలు, సెకండు గేరు. అక్కడ కావాల్సింది తక్కువ చుట్ల మీద లాగే సత్తువ.

"మేస్త్రీ, నెల్లూరు దాకా గాల్లో పోతా ఉండాది, కొండ కాడికొస్తే చేతులెత్తేస్తా ఉండాది. మళ్లా కంపెనీది ఏసెయ్" అనేవాళ్లు.

వేసెయ్యడానికి కంపెనీది ఉండాలి కదా! ఆ లైసెన్సుల కాలంలో విదేశీ క్యామ్ తెప్పించుకోవడం మామూలువాళ్ల వల్ల అయ్యే పని కాదు. బండిలోంచి తీసిన క్యామ్‌నే గ్రైండింగ్ షాపులో అరగదీయించేవాళ్లు. మిట్ట కొసకు ఇనుము అతికించే పని లేకుండా, వెనకున్న గుండ్రటి భాగాన్ని తగ్గిస్తారు. రెంటికీ తేడా పెరిగి వాల్వు ఎక్కువ లేస్తుంది. అరిగిన ఇనుము తిరిగి రాదు. అందుకే మా దగ్గర రేసు క్యామ్ కంటే అరగదీయని పాత క్యామ్‌కే గిరాకీ. పుదుపేటలో దాన్ని వేలితో తడిమి, గాటు పడని మిట్టలున్నది ఏరుకోవడం ఒక విద్య.

అంబాసిడర్ ఇంజను 1489 సీసీ. బ్రిటన్లో ఎంజీఏ స్పోర్ట్సు కారుకు పెట్టిందీ ఈ వంశం ఇంజనే, కాబట్టి దాన్ని రెచ్చగొట్టే కిటుకులకు కొదవ లేదు. క్యామ్ మార్చాలంటే మాత్రం రేడియేటరు దించాలి. రాకర్లు, పుష్‌రాడ్లు తీసి, ఇంజను పక్కనున్న మూతలు విప్పి ట్యాపెట్లు లాగాలి. డిస్ట్రిబ్యూటరూ ఆయిల్ పంపూ క్యామ్ మీదే తిరుగుతాయి గనక వాటినీ, కింద సంపునూ దించాలి. తర్వాత టైమింగ్ చైను తీస్తే క్యామ్ ముందుకు జారి వస్తుంది. బిగించేటప్పుడు రెండు చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా రావాలి. చాలామంది కక్కుర్తి పడేది ట్యాపెట్ల దగ్గర. ఒక మిట్టకు అలవాటుపడి అరిగిన ట్యాపెట్ ఇంకో మిట్టను కొరికేస్తుంది. క్యామ్ మారిస్తే ట్యాపెట్లూ కొత్తవే వెయ్యాలి. మొదటిసారి స్టార్టు చేశాక ఐడ్లింగులో వదలకుండా, రెండు వేల చుట్ల దగ్గర ఇరవై నిమిషాలు తిప్పాలి.

1989 మోటారు వాహనాల రూల్సు వచ్చాక ఇంకో చిక్కు. పొగ పరీక్షలో పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదన్నారు, అదీ ఐడ్లింగులో. రేసు క్యామ్ దొరికిపోయేది సరిగ్గా అక్కడే. కొండకు లొంగనివాళ్లు కొందరు సర్టిఫికెట్టుకు లొంగారు.

1990లో రేసులు బెంగుళూరు రోడ్డు మీది ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు పోయాయి. మా బస్సు దారిలో ఇక ఆ మోత లేదు. అప్పటికే మారుతి 800 వచ్చేసింది, దాని క్యామ్ హెడ్డులోనే ఉంటుంది, సంపు జోలికి పోనక్కర్లేదు. కుర్రాళ్లు ఆర్‌ఎక్స్ 100కు క్యామ్ మార్చమని వచ్చేవాళ్లు. టూ స్ట్రోకు బండికి క్యామే ఉండదని చెబితే నాకు పని రాదనుకుని పక్క షెడ్డుకు పోయేవాళ్లు.

ఇప్పుడు పిల్లలు క్యామ్ ముట్టుకోవడం లేదు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను కంప్యూటర్లో లెక్కలు మార్పిస్తున్నారు. వారంటీ సర్వీసు తేదీ దగ్గర పడితే మాత్రం, పాత లెక్కలు తిరిగి ఎక్కించమని ఆ ల్యాప్‌టాప్ అబ్బాయికే మళ్లీ డబ్బులిస్తున్నారు.