లీనా హార్న్: కత్తెరకు దొరకని గొంతు

లీనా హార్న్ (1917–2010) అమెరికన్ గాయని, నటి, పౌరహక్కుల ఉద్యమకారిణి. 1917 జూన్ 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. నాయనమ్మ కోరా కాల్హౌన్ హార్న్ నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో చురుకైన కార్యకర్త. రెండేళ్ల మనవరాలి ఫొటోను 1919లో ఆ సంఘం పత్రిక అచ్చువేసింది. ఉద్యమం ఆమెకు ఉగ్గుపాలతోనే అబ్బింది.

ఆమె పసితనంలోనే తండ్రి ఇల్లు విడిచి వెళ్లాడు. తల్లి నాటక బృందాలతో ఊళ్లు తిరిగే నటి. పదహారేళ్లకే, 1933లో, లీనా హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ కోరస్‌లో చేరింది. అక్కడ ఆడిపాడేది నల్లవాళ్లు, బల్లల ముందు కూర్చుని చూసేది తెల్లవాళ్లు. ఆ తర్వాత నోబుల్ సిసిల్ ఆర్కెస్ట్రాలోనూ, తెల్లవాడైన చార్లీ బార్నెట్ బ్యాండ్‌లోనూ పాడింది.

1942లో హాలీవుడ్‌లోని ఎంజీఎం స్టూడియో ఆమెతో ఏడేళ్ల ఒప్పందం చేసుకుంది. నల్లజాతి నటీమణులకు వంటమనిషి, ఆయా వేషాలు తప్ప మరేవీ దక్కని రోజులవి. ఆమె తండ్రి స్వయంగా స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్‌ను కలిశాడు. కూతురికి కావాలంటే పనిమనిషిని తానే పెట్టగలనని, ఆమె తెరమీద పనిమనిషి వేషం కట్టాల్సిన ఖర్మ లేదని మొహమాటం లేకుండా చెప్పాడు.

ఆ వేషాలు తప్పాయి. కానీ కథలో చోటూ దక్కలేదు. 1943లో వచ్చిన ‘కాబిన్ ఇన్ ద స్కై’, ‘స్టార్మీ వెదర్’ పూర్తిగా నల్లజాతి తారాగణంతో తీసిన సినిమాలు కాబట్టి వాటిలో ఆమెకు నిజమైన పాత్రలు దొరికాయి. రెండోది ఫాక్స్ సంస్థది. ఆ సినిమా పేరుతోనే ఉన్న పాటను అంతకుముందు ఎథెల్ వాటర్స్ కాటన్ క్లబ్‌లో పాడి పేరు తెచ్చినా, తర్వాత అది లీనా పాటగానే స్థిరపడింది. ‘థౌజండ్స్ చీర్’ (1943), ‘వర్డ్స్ అండ్ మ్యూజిక్’ (1948) లాంటి మిగతా సినిమాల్లో ఆమె ఖరీదైన గౌనులో వస్తుంది, పాడుతుంది, వెళ్లిపోతుంది. వర్ణవివక్ష పాటించే అమెరికా దక్షిణాది రాష్ట్రాల థియేటర్ల కోసం ఆ పాట ముక్కను కత్తిరించినా కథ ఎక్కడా తెగకూడదన్నదే ఈ ఏర్పాటు వెనుక లెక్క. ప్రతిభకు ఇంతకన్నా పద్ధతిగా చేసే అవమానం ఉండదు. ‘కాబిన్ ఇన్ ద స్కై’లో నురగ నిండిన తొట్టిలో స్నానం చేస్తూ ఆమె పాడిన పాటనైతే విడుదలకు ముందే తీసేశారు. 1994లో వచ్చిన ‘దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ 3’లో అది కనిపించింది. ఆ సినిమా వ్యాఖ్యాతల్లో లీనా కూడా ఉంది.

‘షో బోట్’ నాటకంలోని జూలీ, తెల్లజాతి స్త్రీగా చలామణీ అయ్యే మిశ్రమజాతి గాయని. 1946లో ‘టిల్ ద క్లౌడ్స్ రోల్ బై’లోని ఒక ఘట్టంలో లీనా ఆ వేషం వేసింది. ఆ నాటకాన్నే 1951లో ఎంజీఎం పూర్తి నిడివి సినిమాగా తీసినప్పుడు మాత్రం జూలీ పాత్ర తెల్లజాతి నటి ఆవా గార్డ్‌నర్‌కు వెళ్లింది. విడుదలైన చిత్రంలో ఆవా పాటలకు మరో గాయని గొంతు అరువిచ్చింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో లీనా సైనిక శిబిరాల్లో పాడేది. ఒకచోట జర్మన్ యుద్ధఖైదీలను ముందు వరుసల్లో కూర్చోబెట్టి, నల్లజాతి అమెరికన్ సైనికులను వాళ్ల వెనక్కి నెట్టారు. ఆమె వేదిక దిగి, ఖైదీలకు వీపు తిప్పి, తన వాళ్ల ముందు నిలబడి పాడింది.

1947లో పారిస్‌లో తెల్లజాతి సంగీత దర్శకుడు లెన్నీ హేటన్‌ను పెళ్లాడింది. కాలిఫోర్నియాలో అప్పటికి అలాంటి పెళ్లి చట్టవిరుద్ధం. 1950 దాకా దాన్ని బయటపెట్టలేదు. అదే సమయంలో వామపక్ష గాయకుడు పాల్ రోబ్సన్ వంటివారి స్నేహం కారణంగా కమ్యూనిస్టు సానుభూతిపరురాలన్న ముద్ర పడి సినిమా, టీవీ అవకాశాలు తగ్గాయి. నైట్‌క్లబ్బులే ఆదుకున్నాయి. 1957లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో రికార్డయిన ఆల్బమ్ విపరీతంగా అమ్ముడైంది. అదే ఏడాది న్యూయార్క్ నాటకరంగ కేంద్రం బ్రాడ్వేలో మొదలైన సంగీత నాటకం ‘జమైకా’ ఆమెకు టోనీ అవార్డు నామినేషన్ తెచ్చింది.

1963 జూన్‌లో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌తో కలిసి సభలో పాల్గొంది. రోజుల వ్యవధిలోనే ఆయన హత్యకు గురయ్యారు. ఆ ఆగస్టులో వాషింగ్టన్ మహాప్రదర్శనలోనూ నడిచింది.

1970, 71 సంవత్సరాల్లో తండ్రి, కొడుకు, భర్త ఒకరి వెనుక ఒకరు పోయారు. ఆ దుఃఖం నుంచి తేరుకున్నాక ఆమె చేసిన పనే నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది. 1981 మేలో బ్రాడ్వేలో మొదలైన ‘ద లేడీ అండ్ హర్ మ్యూజిక్’ 333 ప్రదర్శనలు సాగి, ఆమె 65వ పుట్టినరోజున ముగిసింది. ఆ ప్రదర్శనలో ‘స్టార్మీ వెదర్’ను ఆమె రెండుసార్లు పాడేది: ఒకసారి పాత రోజుల అందమైన అదుపుతో, రెండోసారి కట్లు తెంచుకున్న గొంతుతో. దానికి ప్రత్యేక టోనీ పురస్కారం దక్కింది. 2010 మే 9న, 92వ ఏట, న్యూయార్క్‌లో కన్నుమూసింది. 2022లో బ్రాడ్వేలోని బ్రూక్స్ అట్కిన్సన్ థియేటర్‌కు ఆమె పేరు పెట్టారు. అక్కడ ఒక నల్లజాతి మహిళ పేరు పెట్టుకున్న మొదటి నాటకశాల అదే.