వెయిల్ కొండ ఎక్కిన ఇద్దరు



కొలరాడోలో ఉండేవాళ్ళకీ, డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని ఇటు వచ్చేవాళ్ళకీ వెయిల్ పేరు కొత్త కాదు. డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరగా వెళితే సుమారు వంద మైళ్ళు. మనలో చాలామందికి అక్కడ గుర్తుండిపోయేవి మూడే: టికెట్ ధర, కాలికి ఎక్కని అద్దె బూట్లు, సాయంత్రానికి పట్టేసిన నడుము. ఈ వారం ఆ ఊరి పుట్టుక గురించీ, ఆ కథ చెప్పే పాత ఫొటోల గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన ఊళ్ళు ఎప్పుడు పుట్టాయంటే శాసనాలు వెతకాలి, స్థలపురాణం అడగాలి. వెయిల్‌కి ఆ ఇబ్బంది లేదు. 1962 డిసెంబరు 15న స్కీ రిసార్టు తెరిచారు. అంతకుముందు తీసిన ఫొటోలు చూస్తే ఆ లోయలో ఒక రోడ్డు, గొర్రెలు మేసే బీళ్ళు, అక్కడక్కడ రైతుల ఇళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఇప్పుడున్న హోటళ్ళు, ఆల్ప్స్ పల్లెల వరసలో కట్టిన ఆ వీధులు, అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

వెయిల్ స్థాపకుడెవరంటే అందరూ చెప్పే పేరు పీట్ సైబర్ట్. 1924లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి చెందిన 10వ పర్వత దళంలో చేరాడు. మంచు కొండల్లో పోరాడటానికి ప్రత్యేకంగా తయారుచేసిన దళం అది. 1942లో వెయిల్‌కి దక్షిణంగా, సముద్రమట్టానికి 9,200 అడుగుల ఎత్తున, క్యాంప్ హేల్ అనే శిబిరం కట్టి వాళ్ళకి శిక్షణ ఇచ్చారు. ఆ దళానికి చెందిన ఫొటోలు, కాగితాలు డెన్వర్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మంచులో కలిసిపోయేలా తెల్లటి బట్టలు, భుజాన స్కీలు, వీపున 90 పౌన్ల దాకా బరువు. అందరూ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఆ ఫొటోలు చూస్తే ఏదో కాలేజీ విహారయాత్రలా ఉంటుంది.

ఆ కుర్రాళ్ళని 1945 జనవరి నాటికి ఇటలీ చేర్చారు. అక్కడ స్కీలు వాడింది తక్కువ, కాలినడకన కొండలెక్కింది ఎక్కువ. నాలుగు నెలలు కూడా నిండకుండానే ఆ దళంలో దాదాపు వెయ్యిమంది చనిపోయారు. మార్చి నెలలో సైబర్ట్ మీదకి మోర్టార్ గుండు వచ్చి పడింది. ముఖం, చెయ్యి దెబ్బతిన్నాయి, కుడి మోకాటి చిప్ప పోయింది. ఏడాదికి పైగా ఆసుపత్రుల్లోనే గడిచింది. స్కీయింగ్ మాట అటుంచి, సరిగ్గా నడవడమే అనుమానమన్నారు. అలాంటివాడు ఆస్పెన్ వెళ్ళి, మళ్ళీ స్కీలు కట్టుకుని, 1950 నాటికి అమెరికా జాతీయ జట్టులో చోటు సంపాదించాడు.

తర్వాతి రోజుల్లో వెయిల్ వాలు మీద స్కీలతో నిలబడి తీయించుకున్న ఫొటోల్లో ఆ మోకాలు కనిపించదు. మడత నలగని ప్యాంటు, వెనక తెల్లటి కొండ. అంతే. ఫొటో అబద్ధం చెప్పలేదు, కానీ అసలు సంగతి కూడా చెప్పలేదు.

ఫొటోలు చెప్పని రెండో సంగతి ఇంకో మనిషి గురించి. అతని పేరు ఎర్ల్ ఈటన్. ఆ ఈగిల్ లోయలోనే పుట్టి పెరిగినవాడు. 1950లలో యురేనియం కోసం ఆ కొండలన్నీ గాలించాడు. యురేనియం సంగతి ఎలా ఉన్నా, మంచి మంచు కొండ మాత్రం దొరికింది. కింద రోడ్డు మీద నుంచి చూస్తే అది మామూలు కొండే. వెనకవైపు చెట్లు తక్కువగా, మైళ్ళ పొడవునా గిన్నెల్లా పరుచుకున్న మంచు వాలులు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనిపించవు. పైకి ఎక్కినవాడికే తెలుస్తుంది. 1957 మార్చిలో ఈటన్ తన మిత్రుడు సైబర్ట్‌ని వెంటబెట్టుకుని గంటల తరబడి మంచులో నడిపించి, పైనుంచి ఆ వాలులు చూపించాడు.

కొండ కనిపెట్టినవాడు ఈటన్. దాన్ని ఊరుగా చెయ్యడానికి కావలసిన డబ్బు, మనుషులు, అనుమతులు కూడగట్టినవాడు సైబర్ట్. ఇద్దరూ కలిసి ఉన్న ఫొటోలు ఉన్నాయి, కానీ జనం నోట్లో నిలిచింది ఒక్క పేరే. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న నాకు ఇది వింతగా అనిపించలేదు. రాత్రంతా కూర్చుని చిక్కుముడి విప్పేది ఒకరు, మర్నాడు పెద్దల ముందు డెమో ఇచ్చేది మరొకరు. డెమో ఇవ్వడం కూడా కష్టమైన పనే, కాదనను. సైబర్ట్ లేకపోతే ఆ కొండ కొండగానే మిగిలేది. కానీ ఈటన్ లేకపోతే సైబర్ట్ ఏ కొండ ఎక్కి ఉండేవాడు?

ఇక భూమి కొన్న తీరు వింటే మనవాళ్ళకి నవ్వొస్తుంది. రింగు రోడ్డు ఎటునుంచి వస్తుందో ముందే తెలిసినవాడు ఊళ్ళో నోరు విప్పడు కదా! వీళ్ళూ అంతే. స్కీ రిసార్టు అంటే ధరలు పెరుగుతాయని, 'ట్రాన్స్‌మాంటేన్ రాడ్ అండ్ గన్ క్లబ్' అని వేటకీ చేపలు పట్టడానికీ పెట్టిన క్లబ్బు పేరుతో రైతుల దగ్గర నేల కొన్నారు. కొండేమో ప్రభుత్వ అటవీశాఖది. వాళ్ళు మొదట కుదరదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. తలా పదివేల డాలర్లు పెట్టే భాగస్వాములను పోగుచేశారు. తెరిచిన రోజున ఒక గండోలా, రెండు చెయిర్‌లిఫ్టులు. టికెట్ ఐదు డాలర్లు. అవును, ఐదే!

ఆ మొదటి చలికాలం మంచు తక్కువ పడింది. అప్పుడు యూట్ తెగవాళ్ళని పిలిపించి మంచు కోసం నాట్యం చేయించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ కొండలు ఎన్నో తరాలుగా యూట్‌లవి. 1881లో ప్రభుత్వం వాళ్ళలో చాలామందిని ఇక్కణ్ణుంచి యూటాకి వెళ్ళగొట్టింది. అంటే ఎనభై ఏళ్ళ తర్వాత, తమ పూర్వుల నేలకి వాళ్ళు నాట్యమాడటానికి అతిథులుగా వచ్చారన్నమాట. "స్థాపకుడు" అనే మాట వింటే, అంతకుముందు అక్కడ ఎవరూ లేనట్టు అనిపిస్తుంది. ఈటన్ కనిపెట్టాడన్న కొండ కూడా యూట్‌లకి తెలియనిదేమీ కాదు.

సైబర్ట్ 2002లో, ఈటన్ 2008లో కన్నుమూశారు. క్యాంప్ హేల్‌ని 2022లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. వెయిల్‌లో ఒక స్కీ దారి పేరు రీవా రిడ్జ్. 1945 ఫిబ్రవరిలో ఆ దళం చీకట్లో ఎక్కిన ఇటలీ కొండ పేరది. వాళ్ళు ప్రాణాలకు తెగించి పైకెక్కిన కొండ పేరు మీదుగా, మన పిల్లలు కేరింతలు కొడుతూ కిందికి జారుతున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు వాళ్ళకి ఆ పేరు సంగతి చెప్పండి.

రిసార్టు వాళ్ళిచ్చే మ్యాపు కూడా ఒకసారి తెరిచి చూడండి. 2000లో తెరిచిన బ్లూ స్కై బేసిన్ అనే భాగంలో పీట్స్ బౌల్, ఎర్ల్స్ బౌల్ అని రెండు వాలులు కనిపిస్తాయి. ఫొటోల కింద రాసే పేర్లలో ఈటన్ వెనకపడ్డాడు కానీ, కొండ మీద మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.