కెపాసిటివ్ త్వరణమాపకం

కెపాసిటెన్సులో కలిగే మార్పు ఆధారంగా త్వరణాన్ని కొలిచే పరికరాన్ని కెపాసిటివ్ త్వరణమాపకం లేదా కెపాసిటివ్ యాక్సెలరోమీటరు అంటారు. కార్లలోని ఎయిర్‌బ్యాగుల కోసం అమెరికాకు చెందిన ఆనలాగ్ డివైసెస్ సంస్థ 1990వ దశకం తొలినాళ్ళలో తెచ్చిన ఏడీఎక్స్‌ఎల్50 దీనికి ప్రసిద్ధ ఉదాహరణ.

పనిచేసే విధానం

సిలికాను చిప్పుపై సన్నని స్ప్రింగుల ఆధారంతో ఒక సూక్ష్మ ద్రవ్యరాశి వేలాడుతూ ఉంటుంది. దాని అంచుల నుండి దువ్వెన పళ్ళవలె వెలువడిన పలకలు, కదలని పలకల మధ్య ఇమిడి ఉంటాయి. చిప్పు త్వరణానికి లోనైనప్పుడు జడత్వం వలన ద్రవ్యరాశి వెనుకబడుతుంది. అప్పుడు ఒకవైపు ఎడం తగ్గి కెపాసిటెన్సు పెరుగుతుంది, రెండవవైపు తగ్గుతుంది. ఈ రెండింటి భేదాన్నే కొలుస్తారు. ఉష్ణోగ్రత వలె ఇరువైపులా సమానంగా పడే ప్రభావాలు ఇందువలన చాలావరకు రద్దవుతాయి.

రూపకల్పన

పరిమాణాన్ని తగ్గించడంలో అసలు చిక్కు కదలిక మరీ స్వల్పం కావడమే. త్వరణాన్ని సహజ కోణీయ పౌనఃపున్యపు వర్గంతో భాగిస్తే స్థానభ్రంశం వస్తుంది. సహజ పౌనఃపున్యం 10 కిలోహెర్ట్జ్ అయితే, గురుత్వ త్వరణానికి (1 జి) కదలిక సుమారు 2.5 నానోమీటర్లు మాత్రమే. స్ప్రింగులను మెత్తగా చేస్తే కదలిక పెరుగుతుంది గాని, వేగంగా మారే త్వరణాలను పరికరం అందుకోలేదు. పలకలు ఒకదానికొకటి అంటుకుపోయే ప్రమాదమూ ఉంది.

ఇంత చిన్న మార్పును బయటి తీగల గుండా తీసుకువెళితే, ఆ తీగల సొంత కెపాసిటెన్సులో అది మునిగిపోతుంది. అందుచేత ఏడీఎక్స్‌ఎల్50లో కదిలే భాగాన్నీ, విద్యుత్ వలయాన్నీ ఒకే చిప్పుపై నిర్మించారు. ఇరువైపుల స్థిర పలకలకు 1 మెగాహెర్ట్జ్ చతురస్ర తరంగాలను పరస్పర వ్యతిరేక దశలలో ఇచ్చారు. ద్రవ్యరాశి సరిగ్గా నడుమ ఉన్నప్పుడు సంకేతం సున్నా. పక్కకు జరగబోతే స్థిరవిద్యుత్ బలం దానిని తిరిగి నడుమకు లాగుతుంది. అందుకు కావలసిన వోల్టేజే త్వరణానికి కొలత. 50 జి వరకు రెండు దిశలలోనూ కొలవగలిగేది. ఇదే స్థిరవిద్యుత్ బలంతో ద్రవ్యరాశిని కావాలని కదిపి, ప్రమాదం జరగకముందే పరికరం పనిచేస్తున్నదీ లేనిదీ పరీక్షించే వీలు కూడా ఇందులో కల్పించారు.