బీదరు కట్టడాలు, వాటి పుస్తకాల ప్రయాణం

భాల్కి తాలూకా, దానితోపాటు బీదరు జిల్లా, 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. ఈ నేల మీది కోటలు, సమాధులు, మదరసాల గురించి వచ్చిన పెద్ద పుస్తకాలు మాత్రం లండన్, కలకత్తా ప్రచురణకర్తల చేతుల మీదుగా బయటికొచ్చాయి. అక్కడి నుంచి సంస్థల బీరువాల్లోకీ, అధికారుల ఇళ్లలోకీ, చివరికి పాత పుస్తకాల కొట్లలోకీ చేరాయి. కట్టడం ఇక్కడే ఉండిపోయింది, దాని కొలతలు మాత్రం ఊరు దాటిపోయాయి.

నిజానికి ఇక్కడ పుస్తకాల సేకరణ అచ్చుకన్నా పాతది. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి బహమనీ వజీరైన మహమూద్ గవాన్, 1472లో బీదరులో మదరసా కట్టించాడు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడంతస్తులు, గోడలకు రంగుల పెంకుల అలంకరణ. దాని గ్రంథాలయంలో మూడు వేల రాతప్రతులుండేవని చెబుతారు. 1481లో సుల్తాను గవాన్‌కు మరణశిక్ష వేయించాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు ఫ్లోరెన్స్‌లో అల్బెర్టి వాస్తుగ్రంథం అచ్చయింది. కట్టడాల మీద అచ్చయిన తొలి పుస్తకం అదే. గవాన్ మదరసాకు అచ్చు పుస్తకం అందేనాటికి దాని రూపమే మారిపోయింది. 1696లో మందుగుండు పేలి ముందుభాగంలో సగం, ఒక మీనారు కూలిపోయాయి. పోయిన సగాన్ని ఊహించాలంటే మిగిలిన సగాన్ని కొలిచి గీసిన నక్షాలే దిక్కు. కట్టడాల పుస్తకానికి విలువ రావడం వెనక ఉన్న మొదటి కారణం ఇదే.

దక్కనులో ఈ కొలతల పనికి తెలుగువాళ్ల చేయి ఎంతో ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రాతప్రతుల సేకరణకు ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, ప్రాణం పోశారు. 1821లో మెకంజీ చనిపోయాక ఆయన భార్య నుంచి ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొంది. ఇంతకన్నా పెద్ద పాత ప్రతుల బేరం ఆ కాలపు దక్షిణాదిలో నాకు గుర్తురాదు. కానీ ఆ లక్షలో బొర్రయ్య పడ్డ శ్రమకు కట్టిన వెల ఎంత? బెంగళూరులో న్యాయాధికారిగా పనిచేసిన రామరాజు, పండితులకు అంతుపట్టని శిల్పశాస్త్ర పదాలను పనిచేసే శిల్పుల దగ్గర తెలుసుకుని హిందూ వాస్తు మీద వ్యాసం రాశాడు. ఆయన పోయాక 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ 48 ప్లేట్లతో దాన్ని లండన్‌లో ప్రచురించింది. ప్లేట్లన్నీ ఉన్న ప్రతి ఇప్పుడు వేలానికొస్తే సేకర్తలు వదలరు.

1866లో బిజాపూరు కట్టడాల మీద ఫెర్గుసన్, మెడోస్ టేలర్ తెచ్చిన పుస్తకంలో అసలు ఫోటోలే అతికించారు. 1878లో జేమ్స్ బర్జెస్ నివేదిక బీదరు పేరునే శీర్షికలోకి తెచ్చింది.

అసలు కథ మాత్రం గులాం యజ్దానీది. 1914లో నిజాం పురావస్తు శాఖ పెట్టినప్పటి నుంచి 1943 దాకా ఆయనే దానికి అధిపతి. 1917లో బీదరు ప్రాచీన కట్టడాల మీద చిన్న పుస్తకం వేశాడు. మూడు దశాబ్దాలు తవ్వి, మరమ్మతులు చేయించి, శాసనాలు చదివాక, 1947లో ఆక్స్‌ఫర్డ్ ముద్రతో పెద్ద గ్రంథం తెచ్చాడు. కోట బురుజుల నుంచి రంగీన్ మహల్ ముత్యపుచిప్ప పొదుగు దాకా, అష్టూరులో అహ్మద్ షా సమాధి లోపలి రంగుల దాకా అందులో చోటు దొరికింది. ఏడాది తిరిగేసరికి నిజాం పాలన పోయింది. తొమ్మిదేళ్లకు రాష్ట్రమే మూడు ముక్కలైంది. ఆ పుస్తకాన్ని తనదనుకుని మళ్లీ అచ్చు వేయించాల్సిన సర్కారే లేకుండా పోయిందని నా అభిప్రాయం. 1995లో ఢిల్లీ ప్రచురణకర్త మోతీలాల్ బనార్సీదాస్ దాన్ని మళ్లీ వేసింది.

పైగా ఇది ఇంగ్లీషు పుస్తకం. ఆ కాలంలో భాల్కి మఠాధిపతి చన్నబసవ పట్టదేవరు బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించేవారని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. సొంత భాష చదువుకే అంత తంటాలు పడ్డ ఊళ్లకు ఆక్స్‌ఫర్డ్ ప్రతి చేరడమన్నది ఎంత దూరపు మాట!

మరి పాత ప్రతులు ఎక్కడ తిరిగాయి? హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ల మీద, మద్రాసు మూర్ మార్కెట్‌లో. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది. లండన్‌లో బెన్ వైన్‌రెబ్ లాంటి వ్యాపారి వాస్తు పుస్తకాలనే ప్రత్యేక శాఖగా నడిపాడు. తెలిసిన వ్యాపారి ముందుగా చూసేది అట్ట కాదు. ప్లేట్ల జాబితా తీసి ఒక్కొక్కటే సరిచూస్తాడు. మడత నక్షా చిరిగిందా, చెదలు తిన్నదా, గ్రంథాలయం ముద్ర ఉందా అని చూస్తాడు. ఎందుకంటే పుస్తకం ధరకన్నా విడి ప్లేట్ల ధర ఎక్కువ పలికినప్పుడు కొందరు పుస్తకాన్ని కోసి, ఫ్రేములు కట్టి అమ్ముతారు. ఇది వ్యాపారం పేరుతో జరిగే ధ్వంసం. ప్లేటు గోడకెక్కాక, దాని పక్కన ఉండాల్సిన వివరణ దిక్కులేనిదవుతుంది.

ఇప్పుడు స్కాన్లు చేతికందుతున్నాయి, అది మేలే. కానీ మడత నక్షాలను విప్పకుండా స్కాన్ చేసినవి ఎన్నో. విప్పినా తెర మీద కొలబద్ద మారిపోతుంది. అందుకే బీదరులో ఎవరైనా చూడగలిగే చోట 1947 నాటి ప్రతి ఒకటి ఉండి తీరాలి. భాల్కి నుంచి వచ్చే విద్యార్థి పొద్దున మదరసా నక్షా చూసుకుని, మధ్యాహ్నం టేపు పట్టుకుని ఆ గదుల్లోకే వెళ్లి, యజ్దానీ కొలతలను తానే సరిచూసుకోవచ్చు.