కుదువబెట్టిన బంగారము, కొండమీది బియ్యము

ఒక రాజ్యము ఋణభారముచేత క్రుంగినప్పుడు దాని ప్రభుత్వము పొదుపును ప్రకటించును. చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఆ పొదుపు మొత్తమెంతయో లెక్కించి విరమింతురు; ఏ యింటి పొయ్యిమీద అది పడెనో విచారింపరు. 1991వ సంవత్సరపు సంక్షోభమునుగూర్చి వ్రాసినవారు పెక్కురు. లండనుకును ఢిల్లీకిని నడుమ జరిగిన కథగనే వారు దానిని వ్రాసిరి. ఆ కథయొక్క కడపటి యధ్యాయము తూర్పుకనుమలలో, సీలేటి యొడ్డునగల పల్లెలలో, డిపో త్రాసుచెంత జరిగినదని నా యభిప్రాయము.

సంక్షోభము ఒక్కనాడు పుట్టినది కాదు. 1980 తరువాతి దశాబ్దమంతయు కేంద్రప్రభుత్వము రాబడికి మించి వ్యయముచేసి, లోటును అప్పులతో పూడ్చుచు వచ్చెను. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటులో ప్రవేశించినవి. చమురు ధర మిన్నందెను. కువైటునందు పనిచేయుచుండిన మనవారు, వారిలో కడపజిల్లావారును గోదావరిజిల్లాలవారును గలరు, ఉన్నదున్నట్లు విడిచి తిరిగివచ్చిరి; వారు పంపుచుండిన సొమ్ము నిలిచిపోయెను. ప్రవాసభారతీయులు మన బ్యాంకులలోని తమ నిలువలను వెనుకకు తీసికొనసాగిరి. కొత్త అప్పు పుట్టుట దుర్లభమయ్యెను. 1991 జూన్ నాటికి దేశముచేతనున్న విదేశద్రవ్యము రెండుమూడు వారముల దిగుమతులకు మాత్రమే చాలియుండెను.

ఆ నెల 21వ తేదీన ప్రధానమంత్రిత్వమును స్వీకరించినవారు మన పాములపర్తి వేంకట నరసింహారావుగారు. ఆ లోక్‌సభ యెన్నికలలో ఆయన పోటీయే చేయలేదు. నవంబరులో నంద్యాల ఉపయెన్నికలో గెలిచి సభ్యులైరి. ఆర్థికమంత్రి మన్‌మోహన్ సింగుగారు. జులై 1, 3 తేదీలలో రూపాయి విలువ రెండుమార్లు తగ్గింపబడెను. రెండును కలిసి నూటికి సుమారు 18 వంతులు. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారమును కుదువబెట్టి, ఇంగ్లండు బ్యాంకువద్దను జపాను బ్యాంకువద్దను 40 కోట్ల డాలర్లు తెచ్చెను. ఇల్లాలి మెడలోని నగ కుదువకు పోవుట మన యిండ్లలో ఎట్టి యవమానమో చదువరులకు చెప్పనక్కఱలేదు. నాడు దేశమెల్ల దానినే యనుభవించెను. కన్నులన్నియు బంగారముమీదనే యుండుటచేత తక్కిన లెక్కను చూచినవారు తక్కువ.

జులై 24వ తేదీన ఆదాయవ్యయపట్టిక పార్లమెంటు ముందుకు వచ్చెను. దేశీయోత్పత్తిలో నూటికి 8 వంతులకు మించియున్న ద్రవ్యలోటును ఒక్క యేటిలో ఆఱున్నర వంతులకు దింపవలెనని సంకల్పము. సబ్సిడీలను కోయక అది సాధ్యము కాదు. ఎరువుల ధర నూటికి 40 వంతులు పెంపబడెను. వెంటనే అలజడి రేగెను. పాలకపక్షపు సభ్యులే ఎదురుతిరిగిరి. ఆగస్టు మొదటి వారములోనే పెంపు 30 వంతులకు దిగెను. చిన్న, సన్నకారు రైతులకు దానినుండి మినహాయింపు లభించెను. ఇది తప్పని నేననను. మాట చెల్లుబడిగలవారు అడిగిరి, మంత్రి వినెను.

ఎరువులవలెనే బియ్యముపైనను కేంద్రము సబ్సిడీ భరించుచుండెను. భారత ఆహారసంస్థ కొని నిలువచేసిన బియ్యమును రాష్ట్రములకు ఇచ్చు ధరను విడుదలధర యందురు. సామాన్యరకపు బియ్యమునకు అది క్వింటాలుకు 289 రూపాయలుగా నుండెను. 1991 డిసెంబరు చివర 377 అయ్యెను. 1993 జనవరిలో 437. 1994 ఫిబ్రవరిలో 537. రెండేండ్ల పైచిల్లర కాలములో దాదాపు రెట్టింపు! వీనిలో ఒక్క పెంపైనను ఎరువుల పెంపువలె వెనుకకు పోలేదు. రైతుకు కలిగిన నష్టమునకు పరిహారముగా ధాన్యపు సేకరణధరను ఏటేట పెంచుచు వచ్చిరి. ఆ పెంపు విడుదలధరలోనికి ప్రాకెను. అనగా ఒకనికి చేసిన యుపశమనపు ఖర్చును, డిపో యెదుట సంచి పట్టుకొని నిలిచిన మఱియొకడు చెల్లించెను. మన రాష్ట్రమున 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము నెలకొల్పిన కిలో 2 రూపాయల బియ్యము 1992లో 3 రూపాయల 50 పైసలయ్యెను.

పల్లపు జిల్లాలలో వరి పండును. కూలివానికి గింజల కూలియైన దొరకవచ్చును. కొండపైన స్థితి వేఱు. సీలేరు నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అచ్చటి కొండజనము పోడుచేసి చోళ్ళు, సామలు, కందులు పండించుకొందురు. ఆ గింజలు వానకాలము వచ్చునప్పటికి గాదె అడుగంటును. కొత్తపంట చేతికందువరకు డిపో బియ్యమే ఆధారము. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ కొండలలో డిపోలను నడుపుచు, వారి చింతపండును, అడ్డాకును, కుంకుడుకాయను, తేనెను తానే కొనుచుండును. కొండవాని రాబడిలోను వ్యయములోను పెద్దభాగము ఒక్క సంస్థ త్రాసుమీదనే తూగును. 20 కిలోల బియ్యమునకు 40 రూపాయలు చాలినచోట 70 రూపాయలు కావలసివచ్చెను. ఆ తక్కిన 30 రూపాయల కొఱకు ఎంత చింతపండు అదనముగా మోయవలెనో ఢిల్లీ పట్టికలో లేదు. ఎరువుల రాయితీయందురా, పోడునకు బూడిదయే యెరువు.

కేంద్రము కొండలను బొత్తిగా మఱచెననుట సత్యము కాదు. 1992లో గిరిజనప్రాంతములకును కఱవుప్రాంతములకును ప్రత్యేక పంపిణీపద్ధతిని ప్రారంభించి, క్వింటాలుకు 50 రూపాయలు తగ్గించి యిచ్చెను. అయితే పై ధర మెట్లెక్కుచుండగా, దానిని 50 రూపాయల దూరమున వెంబడించు ధరయు ఎక్కుచునే యుండును గదా. ఎరువుల విషయమున రేగిన అలజడి ఈ విషయమున ఏల రేగలేదు? నాటి ఆంధ్రప్రదేశమునకు లోక్‌సభలో 42 స్థానములు. గిరిజనులకు ప్రత్యేకింపబడినవి పార్వతీపురము, భద్రాచలము, ఈ రెండే. సీలేటి నీటితో పుట్టు విద్యుత్తు మైదానములకు పోవును. అచ్చటి రైతుల మోటార్లకు అశ్వశక్తినిబట్టి స్వల్పరుసుము తీసికొను పద్ధతి ఆ కఠినకాలమందును కొనసాగెను. దానిని ముట్టుకొను సాహసము ఎవరికిని లేకపోయెను.

ఖజానా ఈ కొండలకెక్కుట అది మొదటిసారి కాదు. 1879 మార్చిలో రంపలో పితూరీ లేచి గొలుగొండ కొండలకు వ్యాపించెను. కల్లుమీది చిగురుపన్నును, కల్లు గుత్తదారుల దౌర్జన్యమును దానికి ముఖ్యకారణములలోనివి. నాటి కొండవారికి శత్రువు కంటికి కనబడెను: గుత్తదారుడు, పోలీసు ఠాణా. 1992లో ఎవరిపై లేవవలెను? పన్ను విధింపబడలేదు, బంట్రోతు రాలేదు. డిపో గుమాస్తా తనకు అందిన కాగితములోని ధరను చెప్పెను, అంతియే. అతనితో తగవులాడి ప్రయోజనమేమి? తీసికొను కిలోలు తగ్గించుకొని దిగిపోవలసినదే. ఈ మౌనమును సమ్మతిగా లెక్కించుట పొరపాటు.

నరసింహారావుగారిని గాని, మన్‌మోహన్ సింగుగారిని గాని నిందించుట నా యుద్దేశము కాదు. దేశము అప్పు చెల్లింపలేక చేతులెత్తియున్నచో కొండవానికి కీడు మఱింత యధికమై యుండెడిది. రూపాయి విలువ తగ్గించుట తప్పనిసరి. నా యాక్షేపణ బియ్యపు ధరమీదనే. ఏలయన, దానివలన ఆశించిన పొదుపైనను చక్కగా సిద్ధింపలేదు. ధర పెరుగగా కొనుగోలు తగ్గెను. కొనుగోలు తగ్గగా గిడ్డంగులు నిండెను. 1995 నాటికి కేంద్రమువద్ద ధాన్యపు నిలువలు 3 కోట్ల టన్నులను మించినవి. ఆ నిలువలకు అద్దెయు వడ్డీయు చెల్లించినది మరల ఆ ఖజానాయే.

బంగారముపై తెచ్చిన అప్పు 1991 ముగియకమునుపే తీరెను. కిలో 2 రూపాయల బియ్యము మాత్రము 1994 డిసెంబరులో రామారావుగారు తిరిగి అధికారమునకు వచ్చిన పిదపనే డిపోలకు మరల చేరెను. 1996లో దాని ధర మరల పెరిగెను. ఈమాఱు లోటు ఢిల్లీ ఖజానాది కాదు, హైదరాబాదు ఖజానాది.