తెల్లని ద్రాక్షమద్యము: గోలకొండ, ఆర్బ్వా

వేదాద్రివద్ద కృష్ణ ఒడ్డు విడిచి జగ్గయ్యపేట, నందిగామల మెట్టలలోనికి వచ్చినచో పొలముగట్లవెంట తాటిచెట్లు కనిపించును. గీతపనివారు తెల్లవారగానే దించిన కల్లు తియ్యగా నుండును. ప్రొద్దెక్కినకొలది అది నురుగు కట్టును, సాయంత్రమునకు ఘాటెక్కును, మఱునాటికి పుల్లనగును. కుండలోపల సున్నము పూసినచో రసము తీపి చెడక కొంతసే పుండును. ఈ రసములో ఎవ్వరును ఏమియు కలుపలేదు. మఱి దానిని పులియజేసిన దెవరు?

గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పూర్వము బాట ఈ మెట్టసీమ మీదుగనే పోయెడిది. 1666-67 ప్రాంతమున ఝాన్ ద తెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు గోలకొండ రాజ్యమున సంచరించెను. ఆయన కండ్లు వజ్రములనే కాక తోటలనుగూడ చూచినవి. భాగ్యనగరమున ద్రాక్ష సమృద్ధిగా కలదనియు, జనవరిలోనే పండుననియు, కొన్ని తోటలలో ఏప్రిల్ వఱకు కోత సాగుననియు, ఆ పండ్లతో తెల్లని మద్యము చేయుదురనియు ఆయన వ్రాసెను. కోత కాగానే తీగెలను కత్తిరింతురనియు, నడివేసవిలో మరల పుల్లని కాయలు వచ్చుననియు చేర్చెను. ఫ్రాన్సులో ద్రాక్ష సెప్టెంబరు, అక్టోబరులలో పండును. తరువాత ఆకు రాల్చి చలికాలమంతయు నిద్రించును. మన దేశమున దానికి నిద్రపుచ్చు చలి లేదు. ఇచ్చట కత్తెరయే దానికి ఋతువు. నేటికిని దక్కనురైతు ఏప్రిల్ ప్రాంతమున ఒకమారు, అక్టోబరు ప్రాంతమున ఒకమారు తీగె కత్తిరించుచున్నాడు. యాత్రికుని రెండు వాక్యములలో ఇంత వ్యవసాయశాస్త్ర మున్నది!

మద్యము తెల్లగా నుండుటకు పండు తెల్లనిదే కానక్కరలేదు. రంగు ప్రాయికముగా తొక్కలో నుండును. పండ్లను పిండినవెంటనే తొక్కలు వేఱుచేసి రసమును మాత్రమే పులియబెట్టినచో నల్లద్రాక్షనుండియు తెల్లని మద్యము వచ్చును.

ఇక పులియజేయువాని సంగతి. ఫ్రాన్సు తూర్పుసరిహద్దున జూరా కొండలదగ్గఱ ఆర్బ్వా అను చిన్న ఊరు కలదు. లూయీ పాశ్చరు బాల్యము అచ్చటనే గడచినది. ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు గాలిగను మార్చునని ఆయన మతము. 1878లో క్లోద్ బెర్నార్ అను మహాశాస్త్రజ్ఞుడు మరణించిన పిమ్మట ఆయన వ్రాతకాగితములు బయటపడినవి. ఈస్టు లేకయే పండురసమునుండి ఆల్కహాలు పుట్టగలదని వానిలో నుండెను. చనిపోయినవానితో వాదించుట కష్టము. పాశ్చరు ఆర్బ్వాదగ్గఱ 1874లో తాను కొనిన ద్రాక్షతోటలో కొన్ని తీగెలపై గాజుగదులు కట్టించెను. కాయలు పచ్చిగా నున్నపుడు వానిపై ఈస్టు ఇంకను చేరియుండదు. కొన్ని గుత్తులను దూదితో చుట్టించెను. అక్టోబరులో పండ్లను పిండి చూడగా బయటి గుత్తుల రసము పులిసినది, గాజుక్రింద దూదిలో పండిన గుత్తుల రసము పులియలేదు. ఈస్టు పండులో పుట్టునది కాదు, బయటనుండి వచ్చి చేరునది. మెట్టసీమ కల్లుకుండకును ఇదే సమాధానము. సున్నపు క్షారములో ఈస్టు పెరుగజాలదు.

ఆ ఆర్బ్వాసీమలోనే సావన్యాన్ అను తెల్లద్రాక్షతో పసుపువన్నె మద్యము చేయుదురు. దానిని పీపాలో పోసి ఆఱు సంవత్సరముల మూడు నెలలకు తక్కువ గాకుండ కదపక ఉంచవలెను. కొంత ఆవిరియై పోయినను పీపాను మరల నింపరు. మీద ఈస్టు పొర యొకటి మీగడవలె పేరుకొని గాలిని అదుపులో నుంచును.

గోలకొండ మద్య మట్టి పేరు నిలుపుకొనకపోవుటకు ద్రాక్ష లేమి కారణము కాదు. వేడిలో పండిన ద్రాక్షకు తీపి హెచ్చి పులుపు తగ్గును. మద్యము చెడకుండ కాపాడువానిలో ఆ పులుపు ముఖ్యమైనది. తెల్లని మద్యము 15-20 డిగ్రీల చల్లదనమున మెల్లగా పులియవలెను. ఏప్రిల్ నెల హైదరాబాదులో ఆ చల్లదన మెక్కడిది? ఆల్కహాలును వినెగరుగా మార్చు బాక్టీరియాలకు మాత్రము వెచ్చదన మనుకూలము. పైగా ఏ ఖర్చును లేక ఏనాటి కానాడు పులిసి సిద్ధమగు తాటికల్లు ఊరూరను ఉండగా, నేలమాళిగలో ఏండ్లతరబడి కాచుకొనవలసిన అవసర మెవరికి? గోలకొండ రాజధానికి ప్రతిదినమును గుఱ్ఱములపై తిత్తులతో కల్లు వచ్చెడిదని తెవెనో కాలమువాడే యగు తవెర్నియే వ్రాసియున్నాడు.

తెల్లద్రాక్ష మాత్రము హైదరాబాదును విడువలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివర అచ్చట నాటబడిన అనబ్-ఎ-షాహీ అను రకము 1950 తరువాత దక్షిణదేశమంతట వ్యాపించినది. అది పండుగా తట్టలకెక్కి అంగళ్ళకు వచ్చినది.