ఆస్టియోపొరోసిస్ మందులు: మేలూ, ముప్పూ

ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 1995లో అలెండ్రోనేట్‌ను అనుమతించింది. మెర్క్ సంస్థ దాన్ని ఫోసామాక్స్ పేరుతో అమ్మింది. అప్పటికే వెన్నుపూస విరిగిన 2,027 మంది మహిళలపై జరిపిన పరీక్ష ఫలితాలు 1996లో వెలువడ్డాయి. సుమారు మూడేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2.2 శాతం మందికి తుంటి ఫ్రాక్చర్ కాగా, మందు వాడినవారిలో అది 1.1 శాతమే. ముప్పు సగమైందన్నా నిజమే, నూటికి ఒకరికి మేలు జరిగిందన్నా నిజమే. రోగికి రెండో లెక్క చెప్పడమే న్యాయం.

ఈ తరగతి మందుల దుష్ఫలితాలు ఆలస్యంగా బయటపడ్డాయి. దవడ ఎముక చచ్చుబడుతున్న సంగతి 2003లో వెలుగుచూసింది. తొడ ఎముక అసాధారణంగా విరగడంపై 2010లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

దక్షిణ కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో సుమారు 1,96,000 మంది మహిళల రికార్డులను పరిశీలించిన 2020 అధ్యయనం ఈ మందుల మేలునూ ముప్పునూ తూకం వేసింది. మూడేళ్లు మందు వాడిన ప్రతి 10,000 మంది శ్వేతజాతి మహిళల్లో 149 తుంటి ఫ్రాక్చర్లు తప్పితే, అసాధారణ తొడ ఫ్రాక్చర్లు 2 వచ్చాయి. ఆసియా మూలాలున్నవారిలో 91 తప్పాయి, 8 వచ్చాయి. ఆసియా అన్నది మరీ గంపగుత్త వర్గమే అయినా, తేడా కొట్టిపారేయదగ్గది కాదు.

ఫ్రాక్చర్ ముప్పు తక్కువున్నవారికి ఐదేళ్లు ఈ మందులు వాడాక వైద్యులు తరచూ విరామం సూచిస్తారు. ఇదే జబ్బుకు ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. అది ఆపి మరో మందు అందుకోకపోతే వెన్నుపూసలు వరుసగా విరగవచ్చు.